ఊరు పెరుగుతుంటే ఏది నిలబెట్టుకోవాలి: నల్లగొండ, పాలమూరు పట్టణాల ప్రణాళికపై తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో ఇళ్ళకు, లేఅవుట్లకు ప్లాన్లు గీయడం నా వృత్తి. అమ్మ తరఫు వాళ్ళంతా చౌటుప్పల్ వైపు నేతపని చేసినవాళ్ళు. చిన్నప్పుడు సెలవులన్నీ మగ్గాల గల్లీలో గడిచాయి, పెద్దయ్యాక బతుకంతా కాగితం మీద గీతల్లో గడుస్తోంది. ఇల్లు కట్టుకోవడానికి వచ్చేవాళ్ళు, వార్డు మీటింగుల్లో కలిసేవాళ్ళు, ఇంజనీరింగ్ చదివే పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు ఇవి. జవాబుల్లో నా అభిప్రాయాలు ఉన్నాయి, వాటికి పూచీ నాదే.

ఊరికి కావలసింది రోడ్లు, మోరీలు, నల్లా నీళ్ళు. ప్రణాళికలో సంస్కృతికి ఏం పని?

అందరికంటే ముందు వచ్చే ప్రశ్న ఇదే. చట్టం వైపు నుంచి చెప్తాను. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. దాంతో చేరిన పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 పనులు రాసి ఉన్నాయి. మొదటిది పట్టణ ప్రణాళిక. అదే జాబితాలో పర్యావరణ రక్షణ ఉంది, పార్కులు, ఆటస్థలాలు ఉన్నాయి, సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాలను పెంపొందించడం కూడా ఉంది. అంటే బతుకమ్మ ఆడే జాగా చూడటం మోరీ తీయడంతో సమానంగా మున్సిపాలిటీ పనే.

చట్టాన్ని పక్కన పెట్టినా సంగతి మారదు. మన ఊళ్ళను ముందు చెరువు కట్టింది, ఆ చెరువు కింద పొలం, పొలం చేసేవాళ్ళకు బట్ట నేసే గల్లీ, కుండలు చేసే గల్లీ, వారానికోసారి అంగడి, అంగడి పక్కన గుడో దర్గానో వచ్చాయి. ఈ వరసలోనే ఊరు పుట్టింది. ఇందులో ఏది సంస్కృతి, ఏది నీటి వ్యవస్థ, ఏది బతుకుదెరువు అని విడదీసి చూపించమంటే నా వల్ల కాదు. మాస్టర్ ప్లాన్ గీసేటప్పుడు మాత్రం మనం విడదీస్తున్నాం. నీళ్ళు ఒక శాఖ, గుడి ఇంకో శాఖ, మగ్గం మరో శాఖ. మధ్యలో ఉన్నది ఎవరికీ కనబడక పోతోంది.

చౌరస్తాలో విగ్రహాలు పెట్టారు, గోడల మీద బతుకమ్మ బొమ్మలు వేశారు. అది చాలదా?

బొమ్మలు బాగానే ఉన్నాయి. వేసిన పిల్లలకు నాలుగు రోజులు పని దొరికింది, సంతోషం. అయితే గోడ మీద మగ్గం బొమ్మ వేసిన వీధిలోనే మగ్గం ఆగిపోయి ఉంటే, ఆ బొమ్మ ఎవరికోసం? పనిచేసే చోటు మిగలాలి. బొమ్మ తర్వాతి సంగతి.

మగ్గానికీ ఇంటి ప్లానుకూ ఏమిటి సంబంధం?

దీనికి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను కళ్ళారా చూసింది ఇదే.

మా వైపు ఎక్కువగా గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి పావులు, అంటే మగ్గాన్ని ఆడించే కాలికర్రలు, తొక్కుతారు. గుంటలోని మట్టి చెమ్మ నూలును తడి ఆరనివ్వదు. వేసవిలో పోగు తెగకుండా ఆ చెమ్మే కాపాడుతుంది. అంటే ఆ మగ్గానికి నేల కావాలి, కింది అంతస్తు కావాలి, పక్కనుంచి వెలుతురు రావాలి. రెండో అంతస్తు ఫ్లాటులో గుంట తవ్వలేం కదా.

ఇక పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే నూలు. ఇక్కత్ పనిలో నూలును రంగు పడకూడని చోటల్లా రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. మావాళ్ళు సైకిల్ ట్యూబును సన్నగా చీరి వాడేవాళ్ళు. దీన్నే చిటికి కట్టడం అంటారు. రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ ముంచాక, ఆ పడుగును పొడుగ్గా సాగదీసి పోగులు సరిచెయ్యాలి. ఆ పని ఇంట్లో కుదరదు. తెల్లవారుజామున గల్లీ ఈ మూల ఒక గుంజ, ఆ మూల ఒక గుంజ పాతి, మధ్యలో పడుగు పరిచేవాళ్ళు. మా అమ్మమ్మ ఒక పక్క, పక్కింటి పెద్దమ్మ ఇంకో పక్క నిలబడి, వేళ్ళతో పోగు పోగు వరసకు తెచ్చేవాళ్ళు. పైన వేపచెట్టు నీడ. ఎండెక్కితే పోగు పెళుసు బారుతుంది కనుక ఎనిమిది గంటలకల్లా అయిపోవాలి. పాలు పోసే సైకిలాయన వస్తే దిగి, పడుగు పక్కగా నడిపించుకుంటూ వెళ్ళేవాడు. గల్లీకి తెలుసు ఇది పని జాగా అని.

తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. వేపచెట్లు పోయాయి, సిమెంటు రోడ్డు వచ్చింది, ఆటోలు, ట్రాక్టర్లు తిరగడం మొదలైంది. పడుగు పరచడానికి ఊరవతలికి పోవాల్సి వచ్చింది. మా పెదమామయ్య కొత్త ఇల్లు కట్టినప్పుడు ప్లాను గీసింది నేనే. హాలు, రెండు బెడ్‌రూములు, అటాచ్డ్ బాత్‌రూము. మగ్గం గుంట ఎక్కడ అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. గుంట పూడ్చి పైన టైల్స్ వేశారు. ఏడాది తిరక్కముందే ఆయన నేత మానేశారు. కారణాలు ఇంకా ఉన్నాయి, నూలు ధర, కూలి, అన్నీ నిజమే. కానీ ఆ గుంట నా గీతలో లేకపోవడం ఈనాటికీ నన్ను బాధిస్తుంది.

అప్పటినుంచి నేతవాళ్ళ ఇంటికి ప్లాను గీస్తే మొదట మగ్గం గది గీస్తాను. ఉత్తరపు వెలుతురు, పదిహేను అడుగుల పొడవు, నేల మీద గచ్చు లేని భాగం. మిగతా ఇల్లు దాని చుట్టూ అమరుతుంది.

అయితే నేతవాళ్ళ వీధిలో రోడ్డు వెయ్యొద్దంటారా?

వెయ్యాలి. మోరీ కూడా కట్టాలి. పొద్దున నాలుగు గంటల సేపు బండ్లు రాని వీధిగా ప్రకటించడానికి పెద్ద ఖర్చేమీ లేదు, రెండు వైపులా ఒక్కో గొలుసు చాలు. గుంజలు పాతడానికి రోడ్డు అంచున ఇనుప గొట్టాలు ముందే బిగించి పెట్టొచ్చు. వరుసగా నీడ చెట్లు. రంగు నీళ్ళు మామూలు మోరీలో కలవకుండా వేరే గొట్టం, వీధి చివర అందరికీ కలిపి ఒక శుద్ధి తొట్టి. అద్దకం నీళ్ళు చెరువులోకి పోనిస్తూ చేనేత పర్యావరణానికి మేలు అని చెప్పుకుంటే అది అబద్ధమే అవుతుంది.

పోచంపల్లికి ప్రపంచ స్థాయి గుర్తింపు వచ్చింది కదా, ఇంకేం కావాలి?

వచ్చింది, గర్వంగా ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు 2005లోనే దక్కింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అంతకు ముందు 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చి భూదానోద్యమానికి నాంది పలికిన ఊరు అదే. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో గుర్తింపు వచ్చింది. గద్వాల, నారాయణపేట చీరలకూ ఉంది.

గుర్తింపు పేరును కాపాడుతుంది. నేసే జాగాను కాపాడదు. ఊరికి పేరొచ్చిన కొద్దీ భూమి ధర పెరుగుతుంది. పట్నానికి, అంటే హైదరాబాదుకు, గంటన్నర దూరంలో ఉన్న ఊరంటే వీకెండ్ ఇళ్ళ కోసం కొనేవాళ్ళు దిగుతారు. అద్దెకుండే నేతకారుడు ముందు ఖాళీ చేస్తాడు. అందుకే మాస్టర్ ప్లానులో నేత వీధులకు ప్రత్యేక జోన్ ఉండాలని నా వాదన: ఇల్లు, పని కలిసి ఉండే జోన్. నివాస జోన్, పారిశ్రామిక జోన్ అని రెండే రంగులు వేస్తే, ఇంట్లోనే పని చేసుకునే మనిషి ఏ రంగులోనూ ఇమడడు.

చెరువును మినీ ట్యాంక్‌బండ్ చేశారు. లైట్లు, బోటింగు అన్నీ వచ్చాయి. చెరువు బాగుపడినట్టేనా?

సాయంత్రం పూట కట్ట మీద నడిచే ఆడవాళ్ళను, పిల్లలను చూస్తే సంతోషమే. మహబూబ్‌నగర్ పెద్ద చెరువు కట్ట, ఇక్కడ పానగల్లు ఉదయసముద్రం కట్ట, రెండూ ఊరికి ఊపిరి తీసుకునే జాగాలయ్యాయి. దాన్ని తక్కువ చెయ్యను.

కానీ చెరువంటే కట్ట ఒక్కటే కాదు. ఎగువన వాన నీళ్ళు పోగుచేసి తెచ్చే కట్టుకాలువ ఉండాలి, నిండితే పొర్లిపోయే మత్తడి ఉండాలి, ఆ మత్తడి నీళ్ళు కింది చెరువుకు చేరే ఒర్రె ఉండాలి. మనవి గొలుసుకట్టు చెరువులు. ఒకదాని మత్తడి ఇంకోదాని ప్రాణం. వనపర్తి సంస్థానంలో సప్త సముద్రాలని పేరుపెట్టి చెరువులను కాపాడుకున్నది ఈ లెక్కతోనే. పానగల్లు రాజధానిగా ఏలిన కందూరు చోడులు ఛాయా సోమేశ్వరం, పచ్చల సోమేశ్వరం గుళ్ళు కట్టిన నేల మీదనే ఉదయసముద్రం కూడా ఉంది. గుడి కట్టినవాళ్ళకు చెరువు తవ్వడం వేరే శాఖ కాదు. ఈనాటికీ ఆ చెరువు బ్యాలెన్సింగ్ రిజర్వాయరుగా కృష్ణా నీళ్ళు నింపుకుని తాగునీటికి పనికొస్తోంది.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను పునరుద్ధరించాలని తలపెట్టారు, పూడిక తీసి పొలాలకు తోలారు. కట్టుకాలువల మీద మాత్రం పట్టణాల దగ్గర అంత పట్టుదల కనబడలేదు. కాలువ ఎండాకాలం చూస్తే మామూలు పల్లం లాగానే ఉంటుంది. దాని మీద ప్లాట్లు గీయడం తేలిక. నేనూ ఒకసారి గీశాను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక లేఅవుటు పని వచ్చింది. పాత పటంలో సన్నటి చుక్కల గీత ఒకటి ఉంది. ఎప్పుడో పూడిపోయిన కాలువ అన్నారు, నమ్మాను. మూడేళ్ళకు పెద్ద వాన పడింది. నీళ్ళకు ఆ చుక్కల గీత గుర్తుంది. పదకొండు ఇళ్ళలో మోకాలి లోతు నిలిచాయి. ఒకావిడ బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ తీరు నాకు ఇంకా కళ్ళముందే ఉంది. ఎవరినీ ఏమీ అనలేదామె.

నల్లగొండకు ఇంకో సంగతి కూడా ఉంది. ఇక్కడి గ్రానైటు రాళ్ళలో ఫ్లోరైడు ఖనిజాలు ఉన్నాయి. బోరు లోతుకు పోయిన కొద్దీ, రాతిలో ఎక్కువ కాలం నిలవున్న నీరు కాబట్టి, ఫ్లోరైడు ఎక్కువగా వచ్చే ప్రమాదం ఉంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది హద్దు. మర్రిగూడ వైపు అంతకు ఎన్నో రెట్లు తాగి, ఎముకలు వంగిపోయిన మనుషులను చూసిన జిల్లా ఇది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు. మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో నిలబెట్టింది కూడా ఈ బాధ గుర్తుండే. పైన చెరువు నిండితే ఊటబావులు ఊరతాయి, బోరు లోతుకు పోవాల్సిన అవసరం తగ్గుతుంది. కాబట్టి కట్టుకాలువ మీద ఇల్లు కడితే మునిగేది ఆ ఒక్క ఇల్లే అనుకోవద్దు.

నేను కొనబోయే ప్లాటు చెరువులో లేదని ఎలా తెలుసుకోవాలి?

2012 నాటి జీఓ 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, చిన్నదానికి 2 మీటర్లు. చెరువు పూర్తి నీటిమట్టం గీతనే ఎఫ్‌టీఎల్ అంటారు. తహసీల్దారు కార్యాలయంలో గ్రామ నక్షా, నీటిపారుదల శాఖ దగ్గర ఎఫ్‌టీఎల్ పటం చూడండి. పహాణీలో శికం, అంటే చెరువు భూమి, అని ఉంటే ఇక ఆలోచించొద్దు.

కాగితాలతో పాటు ఆ చుట్టుపక్కల పాత కాపును ఒకరిని అడగండి: మత్తడి దుంకితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి తాతా అని. నీరటి పని, అంటే చెరువు నీళ్ళు పొలాలకు వదిలే పని, చేసిన కుటుంబం దొరికితే ఇంకా మంచిది. వాళ్ళు చేత్తో చూపిస్తారు.

బతుకమ్మకూ పట్టణ ప్రణాళికకూ ముడి పెడుతున్నారేం?

ముడి నేను పెట్టలేదు, ఆ పండుగే పెట్టింది. గునుగు చేలల్లో, గట్ల మీద దానంతటదే మొలుస్తుంది. తంగేడు గుట్టల వాలులో, బంజరు నేలలో పూస్తుంది. ఊరి చుట్టూ గట్టు, గుట్ట, బంజరు ఉన్నంత కాలం పూలు ఉచితం. ఇప్పుడు నల్లగొండ గడియారం దగ్గర గునుగు కట్టలు కొంటున్నాం. పది కిలోమీటర్ల అవతలినుంచి తెచ్చి అమ్ముతున్నారు. బతుకమ్మను నీళ్ళలో వదిలితే ఆ నీళ్ళు మురుగు కంపు కొట్టకూడదు. ఆడటానికి చెట్టు నీడ కంటే చదునైన ఖాళీ నేల ముఖ్యం. వచ్చి పోయే ఆడవాళ్ళకు వెలుతురు ఉన్న దారి, మరుగుదొడ్డి కావాలి.

పూలు, నీళ్ళు, నేల, దారి. పర్యావరణ నివేదికలో రాసేవి కూడా ఇవే. కొత్త లేఅవుట్లలో పది శాతం ఖాళీ జాగా పార్కుకు వదలాలి. చాలాచోట్ల ఎవరికీ పనికిరాని త్రికోణపు మూల ఒకటి చూపిస్తున్నారు. ఆ జాగా మధ్యలో ఇచ్చి, అంచున వరసగా తంగేడు పెట్టి, ఒక జమ్మిచెట్టు నాటితే దసరాకు కాలనీ మొత్తం అక్కడికే వస్తుంది. జమ్మి కోసం బస్‌స్టాండు ముందు కొమ్మలు కొనాల్సిన అవస్థ తప్పుతుంది.

మా తాతల నాటి భవంతి ఇల్లుంది. కూలగొట్టి కొత్తది కట్టుకోవడమే మంచిదంటున్నారు.

దూలాలు చెదలు పట్టి, గోడ బయటికి వంగి ఉంటే దించక తప్పదు. ప్రాణం ముఖ్యం. అలా కాకపోతే తొందరపడొద్దు. ఆ ఇంటి మధ్యన ఆకాశం కనబడే వాకిలి ఉంది కదా, వేడి గాలి పైకి పోవడానికి అంతకంటే మంచి యంత్రం లేదు. రెండడుగుల మట్టి గోడ మధ్యాహ్నపు ఎండను రాత్రిదాకా లోపలికి రానివ్వదు. డంగుసున్నం గోడ గాలి పీల్చుకుంటుంది. సిమెంటు పూత వేస్తే చెమ్మ లోపలే చిక్కి గోడ ఉబ్బుతుంది. చాలామంది పాత ఇంటిని సిమెంటుతో మరమ్మతు చేసి, అది పాడైతే పాత ఇళ్ళు ఇంతేనంటారు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, నిజమే. వెతికితే పాత గుళ్ళ మరమ్మతు చేసే బృందాల్లో దొరుకుతారు. వాళ్ళ కూలి ఎక్కువ, పనీ నెమ్మదే, ముందే చెప్తున్నాను.

మొత్తం ఉంచుకోలేకపోతే కనీసం అరుగు వదులుకోవద్దు. వీధి వైపు రెండడుగుల అరుగు మీద ముసలాయన కూర్చుంటాడు, పూలమ్మే ఆమె బుట్ట దించుతుంది, బడి పిల్లలు వాన ఆగేదాకా నిలబడతారు. ఆరడుగుల కాంపౌండు గోడ కట్టిన వీధిలో ఇవేవీ జరగవు.

ఊళ్ళో పాత గుడి ఉంది. దాని పక్కన కట్టుకోవచ్చా?

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నదైతే చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు అనుమతితోనే. ఏడో శతాబ్దపు అలంపురం నవబ్రహ్మ ఆలయాలు అటువంటివి. రాష్ట్ర రక్షణలో ఉన్నవాటికి 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. ఏ రక్షణా లేని చిన్న గుళ్ళు, దర్గాలు, మెట్లబావులు ఊరికి పదేసి ఉన్నాయి. నాకు బెంగ వాటి గురించే. పట్టిక రాసేవాళ్ళుంటే అవి మిగులుతాయి.

శ్రీశైలం ప్రాజెక్టు కింద మునగబోతోందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. అంత పెద్ద పని చేయగలిగినవాళ్ళం, రోడ్డు మలుపులో మెట్లబావిని ఇరవై అడుగులు తప్పించలేమా?

పిల్లలమర్రి నుంచి పట్టణాలు ఏం నేర్చుకోవాలి?

మహబూబ్‌నగర్ పక్కన మూడెకరాలకు పైగా పరుచుకున్న మర్రి అది. ఏడెనిమిది వందల ఏళ్ళదని చెప్తారు. పాలమూరు పేరు చెప్తే గుర్తొచ్చేదదే. చెదలు తిని, కొమ్మలెక్కి ఊగేవాళ్ళ బరువుకు సడలి, 2017 చివర్లో కొమ్మ విరిగింది. సందర్శకులను ఆపారు. 2018లో అటవీ శాఖ వాళ్ళు కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి, చుక్క చుక్కగా చెదల మందు ఎక్కించారు. వాలిన కొమ్మలకు ఊతాలు కట్టారు. చెట్టు తేరుకుంది.

అప్పుడు వెళ్ళి కంచె ఇవతలినుంచి చూశాను. ఆస్పత్రి మంచం మీద పెద్దమ్మను చూసినట్టే ఉంది. మనుషులు ప్రేమతోనే వెళ్ళారు అక్కడికి, ఆ ప్రేమ బరువు చెట్టు మోయలేకపోయింది. పర్యాటకం అనగానే ఎంతమంది వస్తారని లెక్కవేస్తాం. ఎంతమందిని మోయగలదన్న లెక్క ముందు వెయ్యాలి. యాదగిరిగుట్ట అయినా, సోమశిల అయినా, పోచంపల్లి అయినా ఇదే లెక్క. జనాన్ని కాస్త పంచడానికి అప్పన్నపల్లి దగ్గర రెండు వేల ఎకరాలకు పైగా ఉన్న ఎకో పార్కు లాంటివి పనికొస్తాయి.

అంగడి, తోపుడు బండ్ల వల్ల ట్రాఫిక్ ఆగుతోంది. ఊరవతలికి మార్చడమే కదా మార్గం?

మార్చిన చోట కూరగాయలు అమ్ముడుపోక, మళ్ళీ పాత రోడ్డు మీదికే రావడం చూశాం. కొనేవాళ్ళు నడిచి వచ్చే చోటే అంగడి.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చదవండి. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులు ఎన్నుకున్నవాళ్ళే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. ఇంకో మంచి మాట కూడా ఉంది అందులో: యాభై ఏళ్ళకు పైగా ఒకేచోట జరుగుతున్న సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలి, అక్కడివాళ్ళను మరోచోటికి తరలించకూడదు. మన ఊళ్ళలో ఈ లెక్కకు సరిపోయే అంగళ్ళు ఎన్నో ఉన్నాయి. ఎన్నింటిని అలా ప్రకటించమని మనం అడిగాం?

సృజన అంటే కళాకారుల సంగతి. మామూలు మనుషులకేం సంబంధం?

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి ఆసు పోసేది, అంటే రంగు వేయడానికి ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పి చుట్టేది. ఒక చీరకు చెయ్యి వేల సార్లు, తొమ్మిది వేల దాకా, అటూ ఇటూ ఆడాలి. భుజం పడిపోయేది. ఆ కొడుకు ఏళ్ళ తరబడి కొట్టుమిట్టాడి యంత్రం చేశాడు, తల్లి పేరు మీద లక్ష్మీ ఆసు యంత్రమని పెట్టాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. సృజన అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆయనే. అటువంటి కుర్రవాడు ఇప్పుడు మన పట్టణంలో ఉంటే, ఇనుప ముక్కలు అతికి చూసుకోవడానికి అద్దె తక్కువ ఉన్న ఒక రేకుల షెడ్డు ఎక్కడ దొరుకుతుంది? ప్లానులో ఆ జాగా ఉండాలి. పాతబడిన గోదాములు, వాడని బడి గదులు అలా తెరవచ్చు.

కిన్నెర మొగిలయ్యకు 2022లో, నారాయణపేట జిల్లా బుర్రవీణ కొండప్పకు 2024లో పద్మశ్రీలు వచ్చాయి. ఆ వాద్యాలు వినబడింది రచ్చకట్టల మీద, అంగళ్ళలో, జాతరల్లో. టికెట్టు పెట్టిన ఆడిటోరియం కట్టి, చౌరస్తాలో చెట్టు దిమ్మె తీసేస్తే, పాడేవాడికి చోటు పోయినట్టే. దిమ్మె కట్టడానికి ఎంతవుతుంది, ఒక కరెంటు ప్లగ్గు పెట్టడానికి ఎంతవుతుంది?

పాలమూరు కూలీల మాట ప్రణాళికలో ఎక్కడైనా ఉందా?

దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా పాలమూరు లేబరు పేరు వినబడేది. పట్నంలో ఎన్ని మేడలు వాళ్ళ చేతులమీదుగా లేచాయో. అదే మనుషులు సొంత ఊళ్ళో తెల్లారి ఆరింటికి అడ్డా మీద నిలబడితే నీడ లేదు, నీళ్ళు లేవు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. ఊరు కట్టే వాళ్ళకు ఊళ్ళో నిలబడే జాగా ఇవ్వడం కంటే పెద్ద సంస్కృతి నాకు తెలియదు. ఒక రేకుల పందిరి, నాలుగు బెంచీలు, నల్లా, రెండు గదులు. దీనికి మాస్టర్ ప్లాను దాకా ఆగనక్కర్లేదు.

వీటన్నిటికీ డబ్బెక్కడిది?

2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్టులో పది శాతం పచ్చదనానికే కేటాయించాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. ఆ డబ్బుతో డివైడర్ల మధ్య విదేశీ అలంకారపు మొక్కలు కొనే బదులు వేప, కానుగ, తంగేడు, జమ్మి పెట్టించొచ్చు. ఇవి మన ఎండకు తట్టుకుంటాయి, నీళ్ళ ట్యాంకరు ఖర్చు తగ్గుతుంది. నేత వీధికి నీడ, అంగడికి నీడ, అడ్డాకు నీడ, మూడూ ఆ ఖాతాలోనే వస్తాయి. పైన చెప్పిన పనుల్లో చాలావాటికి కొత్త నిధి అక్కర్లేదు, ఉన్న పనిని ఇంకోలా చేస్తే చాలు.

మాస్టర్ ప్లాను ముసాయిదా వస్తే మేమేం చేయగలం?

ముసాయిదా పెట్టాక అభ్యంతరాలకు గడువిస్తారు. ఆ గడువులోపు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాట లెక్కలోకి రాదు. రోడ్డు వద్దు అని రాయకండి. ఫలానా సర్వే నంబరులో కట్టుకాలువ ఉంది, రోడ్డు ఇటు జరపండి అని, ఫొటో, నక్షా జతచేసి రాయండి.

అదే 2019 చట్టంలో ప్రతి వార్డుకు నాలుగు కమిటీలున్నాయి: యువత, మహిళలు, పెద్దలు, ప్రముఖ పౌరులు, ఒక్కోదాంట్లో 15 మంది. మీ వార్డులో వాటి జాబితా అడగండి. ఖాళీలుంటే ఒక నేతకారుణ్ణి, ఒక కూరగాయలమ్మే ఆమెను, ఒక నీరటి కుటుంబాన్ని చేర్చమని పట్టుపట్టండి.

మా వార్డులో మొదలుపెట్టాలంటే మొదటి పని ఏది?

ఒక ఆదివారం పొద్దున పదిమంది కలిసి నడవండి. ఒక పెద్ద కాగితం, మూడు రంగుల పెన్నులు. నీళ్ళు పోయే దారులన్నీ నీలం. చేతిపని జరిగే ఇళ్ళన్నీ, మగ్గం, కుమ్మరి సారె, వడ్రంగి బల్ల, దర్జీ మిషన్, చెప్పుల దుకాణం, ఎరుపు. జనం కూడే జాగాలన్నీ, అరుగు, దిమ్మె, గుడి, పీర్ల కొట్టం, అంగడి, బతుకమ్మ ఆడే చోటు, ఆకుపచ్చ. ఒక ముసలామెను, ఒక ఏడో తరగతి పిల్లను తప్పక వెంటబెట్టుకోండి. వాళ్ళిద్దరికీ మనకు తెలియని దారులు తెలుసు.

మేం ఆ పని చేసినప్పుడు మధ్యాహ్నానికి కాగితం నిండింది. మూడు రంగులూ ఒకదాని మీద ఒకటి పడిన చోట్లు తొమ్మిది తేలాయి. ఆ తొమ్మిదింటిలో ఐదింటి మీదుగా ముసాయిదాలో రోడ్డు గీసి ఉంది. ఆ కాగితాన్నే అభ్యంతరానికి జతచేసి ఇచ్చాం. ఇప్పటిదాకా రెండు చోట్ల గీత జరిగింది. మూడోదాని కోసం వచ్చే సోమవారం, ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి మళ్ళీ వెళ్తున్నాం.